సైన్సు చదివిన మహిళలకు సంఘబలం

సంపాదకులకు,

ఫిబ్రవరి 11న సైన్సులో మహిళలు, బాలికల అంతర్జాతీయ దినం, 28న జాతీయ సైన్సు దినం వస్తాయి. ఆ రెండు రోజులూ కాలేజీల్లో ఉపన్యాసాలు, శాలువాలు, ఫొటోలు ఉంటాయి. మంచిదే. కానీ దక్షిణ ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, జయపురం కాలేజీల్లో పాఠాలు చెప్పే, పరిశోధన చేసే తెలుగు మహిళలకు ఏడాది పొడుగునా కావలసింది వేరే ఉంది. ఏ ఫెలోషిప్పుకు ఎప్పుడు దరఖాస్తు పెట్టాలి? కాలేజీలో లేని పరికరం కోసం నమూనా ఎక్కడికి పంపాలి? ప్రసవం తర్వాత ఆగిన పీహెచ్‌డీ మళ్లీ ఎలా మొదలుపెట్టాలి? ఇలాంటివి నోటీసు బోర్డు చూసి తెలుసుకునేవారి కంటే, ఆ దారిలో ముందు నడిచినవాళ్లను అడిగి తెలుసుకునేవారే ఎక్కువ. మన జిల్లాల్లో అడగడానికి మనిషి దొరకడమే కష్టం. విశాఖ, హైదరాబాదు వాళ్ల లెక్కలో మనం ఒడిశా వాళ్లం. భువనేశ్వర్ నుంచి చూస్తే ఓ మూలనున్న తెలుగువాళ్లం. దేశస్థాయి, అంతర్జాతీయ మహిళా శాస్త్రవేత్తల సంఘాల్లో ఈ సరిహద్దు గొడవ లేదు. వాటిలో చేరమనీ, చేరాక ఏం చేయాలో చెప్పాలనీ ఈ ఉత్తరం రాస్తున్నాం.

సంఘం వల్ల ఒరిగేదేమిటి అనేవారికి అయ్యలసోమయాజుల లలిత గారి పేరు చెప్పాలి. తెలుగింటి ఆడపడుచు. 18 ఏళ్లకే భర్తను పోగొట్టుకుని, గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో చదివి, దేశంలో తొలి మహిళా ఎలక్ట్రికల్ ఇంజనీరు అయ్యారు. 1964లో న్యూయార్క్‌లో మహిళా ఇంజనీర్లు, శాస్త్రవేత్తల తొలి అంతర్జాతీయ సభకు వెళ్లారు. మరుసటి ఏడాది బ్రిటన్‌లోని మహిళా ఇంజనీర్ల సొసైటీలో సభ్యురాలయ్యారు. 1967లో కేంబ్రిడ్జిలో రెండో సభ జరిగేనాటికి ఆ సొసైటీ తరఫున ఇక్కడ పనిచేసి, భారత్ నుంచి మరి కొందరు మహిళా ఇంజనీర్లు వెళ్లేలా చూశారు. తను చేరిన సంఘంలోకి ఇంకొందరికి దారి వేయడమే ఆమె చేసిన గొప్ప పని అని మా అభిప్రాయం.

ఎక్కడ చేరాలి? ఎమ్మెస్సీ గానీ ఆపైన గానీ చదివినవారు ముందు ఓడబ్ల్యుఎస్‌డిలో చేరవచ్చు. వర్ధమాన దేశాల మహిళా శాస్త్రవేత్తల సంఘం ఇది. 1993 నుంచి ఉంది. కేంద్రం ఇటలీలోని ట్రీస్టె. సభ్యత్వానికి రుసుము లేదు. సీవీ, డిగ్రీ పట్టా స్కాన్ చేసి దగ్గర పెట్టుకుని ఆన్‌లైన్‌లో దరఖాస్తు నింపాలి. ఒక మాట ముందే చెప్పాలి. దాని పీహెచ్‌డీ ఫెలోషిప్పు సైన్సులో వెనకబడిన కొన్ని దేశాలవారికే. ఆ జాబితాలో మన దేశం లేదు. డబ్బు ఆశతో చేరితే నిరాశే. పరిచయాల కోసం, సహ పరిశోధకుల కోసం చేరాలి. మన దేశంలో 1973లో పుట్టిన భారత మహిళా శాస్త్రవేత్తల సంఘం, ఐడబ్ల్యుఎస్‌ఏ, నవీ ముంబయిలోని వాశీ కేంద్రంగా నడుస్తోంది. హైదరాబాదులో శాఖ ఉంది. గణితం వారికి ఇండియన్ విమెన్ అండ్ మ్యాథమెటిక్స్ ఉంది. ఫిజిక్సు వారికి ఇండియన్ ఫిజిక్స్ అసోసియేషన్‌లో లింగ సమానత్వ బృందం ఉంది. 2019లో హైదరాబాదు విశ్వవిద్యాలయంలో జరిగిన సభ నుంచి ఫిజిక్సులో లింగ సమానత్వం కోసం ‘హైదరాబాద్ చార్టర్’ అనే పత్రం వచ్చింది ఈ బృందం కృషితోనే. అన్నింట్లో చేరనక్కర్లేదు. మీ విషయానికి సంబంధించింది ఒకటి, అందరికీ పనికొచ్చేది ఒకటి చాలు.

చేరేముందు పేరు సరిచూసుకోండి. మన జిల్లాల్లో ఇది పెద్ద చిక్కు. మనం ఇంటిపేరు ముందు రాస్తాం, ఒడిశా సర్టిఫికెట్లలో అది చివరికి పోతుంది, పెళ్లయ్యాక అత్తింటి పేరు వస్తుంది. ఒకే మనిషి రాసిన నాలుగు పేపర్లు ముగ్గురు మనుషులు రాసినట్టు కనిపిస్తాయి, ప్రమోషన్‌కు లెక్కపెట్టేటప్పుడు రెండు జారిపోతాయి. పరిశోధకులకు ఇచ్చే ఆర్కిడ్ (ORCID) నంబరు తీసుకుంటే ఈ బాధ చాలావరకు తీరుతుంది. అది 16 అంకెల గుర్తింపు, ఉచితం. పాత పేర్లన్నీ అందులో ‘ఇతర పేర్లు’ అన్నచోట చేర్చి, పాత పేపర్లను ఒక్కొక్కటిగా దానికి కలపాలి. ఇక నుంచి రాసే పేపర్లలో పేరు ఒకే తీరుగా రాయాలి.

సంఘంలో అడిగే తీరు కూడా ముఖ్యం. “మేడం, ఫెలోషిప్పులేమైనా ఉంటే చెప్పండి” అంటే ఎవరూ జవాబివ్వరు. ఇవ్వలేరు కూడా. “ఎమ్మెస్సీ జువాలజీ, వయసు 34, ఆరేళ్ల విరామం, రుషికుల్య ముఖద్వారంలో గుడ్లు పెట్టే ఆలివ్ రిడ్లీ తాబేళ్ల మీద పని చేయాలని ఉంది, గంజాం జిల్లా వదిలి రాలేను” అని రాస్తే, ఏ పథకమో, ఏ గైడో చెప్పేవారు దొరుకుతారు. అలాంటివారికి కేంద్ర శాస్త్ర సాంకేతిక విభాగం (డీఎస్‌టీ) మహిళల కోసం నడిపే వైజ్-కిరణ్ పథకం ఉంది. అందులో పీహెచ్‌డీకి వైజ్-పీహెచ్‌డీ, 27 నుంచి 45 ఏళ్లవారికి. పేటెంట్ల పనిలో ఏడాది శిక్షణకు వైజ్-ఐపీఆర్. దరఖాస్తులు ఎక్కువగా దెబ్బతినేది సైన్సు దగ్గర కాదు, కాగితాల దగ్గర. పని చేయబోయే సంస్థ ఇచ్చే సమ్మతి పత్రానికి విభాగాధిపతి, రిజిస్ట్రారు సంతకాలు కావాలి. ఒకరు సెలవులో ఉంటే గడువు దాటిపోతుంది. నెల ముందే మొదలుపెట్టండి. సిఫారసు లేఖ ఇచ్చేవారికి మూడు వారాల వ్యవధి, మీ సీవీ, ప్రాజెక్టు సారాంశం ఒక పేజీ ఇవ్వండి. మూడు సైన్సు అకాడమీలు కలిసి ఇచ్చే వేసవి ఫెలోషిప్పు విద్యార్థులకే కాదు, అధ్యాపకులకూ ఉంది. దాని దరఖాస్తులు ముందు ఏడాది ముగిసేలోపే అయిపోతాయి. వేసవి కదా అని మార్చిలో వెతికితే దొరకదు.

పిల్లలు పుట్టి పీహెచ్‌డీ ఆగినవారు చాలామంది గడువు దాటిపోయిందని వదిలేస్తున్నారు. ఇది మాకు అన్నిటికన్నా బాధ కలిగించే విషయం. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం 6 ఏళ్లు, తిరిగి నమోదు చేసుకుంటే మరో 2, మహిళలకు ఆపైన ఇంకో 2, మొత్తం 10 ఏళ్ల దాకా గడువుంది. ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు 240 రోజుల వరకు తీసుకోవచ్చు. వేరే విశ్వవిద్యాలయంలో ఈ సెలవు మంజూరైన ఉత్తర్వు నకలు సంఘంలో ఒకరు పంపితే, ఇక్కడి ఆఫీసులో వాదన అక్కర్లేకుండా పని జరుగుతుంది.

పరికరాల సంగతి. గంజాం మొగలి నూనె మీద పని చేసే కెమిస్ట్రీ లెక్చరరుకు కాలేజీలో జీసీ-ఎంఎస్, అంటే నూనెలోని పదార్థాలను విడదీసి గుర్తించే యంత్రం, ఉండదు. ఏ ప్రయోగశాలలో ఏ యంత్రం ఉందో, రుసుమెంతో ఐ-స్టెమ్ అనే ప్రభుత్వ పోర్టల్ చూపిస్తుంది. అది చూపించనిది ఇంకొకటుంది. నూనెలో తడి మిగిలితే యంత్రంలో పదార్థాలను విడదీసే సన్నని గొట్టం, కాలమ్, పాడవుతుంది కనుక నిర్జల సోడియం సల్ఫేటుతో తడి తీసి, హెక్సేన్ అనే ద్రావణిలో పల్చన చేసి పంపాలి. లేదంటే నమూనా తిరిగి వస్తుంది, నెల పోతుంది. ఈ మాట ముందే చెప్పేది ఆ యంత్రం మీద పనిచేసిన మరో పరిశోధకురాలే.

లైంగిక వేధింపుల నిరోధక చట్టం, 2013 కింద పదిమంది, ఆపైన పనిచేసే సంస్థల్లో అంతర్గత కమిటీ ఉండాలి. అందులో కనీసం సగంమంది మహిళలు, బయటి సభ్యులొకరు. ఆ బయటి సభ్యత్వానికి యాజమాన్యం బంధువును కాక, చట్టం తెలిసిన మనిషిని సూచించే శక్తి సంఘానికి ఉంటుంది.

జాగ్రత్తలూ ఉన్నాయి. ‘అంతర్జాతీయ మహిళా శాస్త్రవేత్త పురస్కారం’ వచ్చింది, ఇన్ని వేలు రిజిస్ట్రేషన్ కట్టండి అని మెయిల్ వస్తే తీసేయండి. డబ్బు కట్టి తెచ్చుకున్నది పురస్కారం కాదు. స్థానికంగా వాట్సాప్ బృందం పెడితే శుభోదయాలు, పండగ బొమ్మలు ముంచెత్తి మూడు నెలల్లో అసలు కబురు కనపడకుండా పోతుంది. గడువు తేదీలకు ఒక బృందం, అందులో ఇద్దరే పోస్టు చేయాలి. మాటలకు వేరే బృందం. నెలకోసారి గంటసేపు ఆన్‌లైన్‌లో కలిసి, ఒకరి దరఖాస్తును మిగతావారు చదివి దిద్దితే చాలు.

బరంపురంలో 2016 నుంచి కేంద్ర సైన్సు విద్యా పరిశోధన సంస్థ ఐఐఎస్‌ఈఆర్, 1967 నుంచి విశ్వవిద్యాలయం, కోరాపుట్‌లో కేంద్రీయ విశ్వవిద్యాలయం, జయపురంలో స్వామినాథన్ ఫౌండేషన్ పరిశోధన కేంద్రం ఉన్నాయి. వాటిలోని మహిళలు చుట్టుపక్కల కాలేజీల వారిని కలుపుకోవాలి. ప్రిన్సిపాళ్లు ఏడాదికి ఒక సభకైనా ఆన్ డ్యూటీ ఇవ్వాలి; సొంత సెలవు పెట్టుకుని వెళ్లమంటే ఇంట్లో చిన్నపిల్లలున్న తల్లికి వెళ్లడం కుదరదు. మీ పత్రికకు మా మనవి ఒక్కటే: సరిహద్దు జిల్లాల పేజీలో నెలకోసారి ఈ ఫెలోషిప్పుల గడువులు నాలుగు వరుసల్లో వేయండి. తేదీలు సరిచూసి పంపే బాధ్యత మాది.

– సైన్సు అధ్యాపకురాళ్లు కొందరు,
బరంపురం, గంజాం జిల్లా, ఒడిశా