ఆదివారం రేసుకి ముందు మీ మినీ-జెడ్ టైర్లు చూసుకోండి

అందరికీ నమస్కారం. పోయినసారి కొత్తవాళ్ల మినీ-జెడ్‌లు, అంటే రిమోట్‌తో నడిపే మన బుల్లి కార్లు, మలుపు మలుపుకీ బోల్తా కొడుతుంటే చూసి బాధేసింది. తప్పు మీ డ్రైవింగ్‌లో లేదు, టైర్లలో ఉంది. మన ఫోమ్ ట్రాక్‌కి గ్రిప్ ఎక్కువ. ముందు టైర్లు మరీ మెత్తగా ఉంటే మలుపులో నేలను గట్టిగా పట్టేస్తాయి, కారు పక్కకి దొర్లిపోతుంది.

అందుకే వెనక మెత్తవి, ముందు మాత్రం అంతకంటే గట్టివి వేయండి. టైరు గట్టిదనాన్ని డిగ్రీల్లో చెప్తారు, ఆ అంకె తగ్గేకొద్దీ రబ్బరు మెత్తన. వెనక 20 వేస్తే ముందు 30 లేదా 40తో మొదలుపెట్టండి. అయినా దొర్లుతుంటే ముందు టైరు బయటి అంచుకి సూపర్ గ్లూ పల్చగా పూసి పూర్తిగా ఆరనివ్వండి. నాకు బాగా పనిచేసిన చిట్కా ఇదే. టైర్లను రిమ్ములకి టేపుతో అంటించడం మాత్రం మరవద్దు, లేకపోతే వేగంలో ఊడి వస్తాయి.

వెనక జారుతుంటే మొదట వెనక టైర్లకి పట్టిన దుమ్ము తుడవండి. అప్పటికీ తగ్గకపోతే కాస్త మెత్తటి టీ-ప్లేటు (కారు వెనక మోటారు భాగాన్ని ఛాసిస్‌కి కలిపే, వంగే పలక) వేసి చూడండి. ఒకేసారి రెండు మార్చకండి, దేనివల్ల బాగుపడిందో తెలియదు. మార్చిన ప్రతిసారీ ఓ పది ల్యాప్‌లు తిప్పి, టైము రాసుకోండి.

ట్రిపుల్-ఏ సెల్స్ నాలుగూ ఒకే రకం, ఒకేసారి ఛార్జ్ చేసినవి ఉండాలి. ఒకటి బలహీనమైతే మిగతా మూడూ ఉన్నా కారు నీరసపడుతుంది.

టైర్ల విషయంలో టెన్షన్ ఉన్నవాళ్లు ఆదివారం అరగంట ముందే రండి, కలిసి చూద్దాం. నా దగ్గర 30, 40 డిగ్రీల ముందు టైర్లు అదనంగా ఉన్నాయి, వేసి చూసుకోవచ్చు.