పట్టీ కట్టించుకుంటాను

పర్లాకిమిడి

అమ్మలూ,

నువ్వు పంపిన నాలుగు కాగితాలూ రాత్రి షాపు కట్టేశాక చదివాను. అర్థం కానిచోట మీ అమ్మను పక్కన కూర్చోబెట్టుకుని మళ్లీ చదివాను. చేతి వణుకు తగ్గించే మణికట్టు పట్టీ మీద మీ కాలేజీవాళ్లు చేసే పరీక్షలో నేను చేరతాను. నన్ను అడగడానికి నీకు అంత మొహమాటం ఎందుకమ్మా?

ఫోన్లో "చేతులు బాగానే ఉన్నాయి" అంటున్నాను గానీ, నిజం చెబుతాను. మిషన్ మీద కుట్టు ఇప్పటికీ తిన్నగానే వస్తోంది. గుడ్డ మీద రెండు చేతులూ ఆనించి ఉంటాను కదా. చిక్కంతా చేత్తో తీసే కాజాల దగ్గరే. సూది గుడ్డకు దగ్గరయ్యే కొద్దీ వణుకు పెరుగుతుంది. మొన్న రథయాత్రకని ఒక ఒడియా బాబు పట్టు జుబ్బా ఇచ్చాడు. కాజా తీస్తుంటే సూది మొన మూడుసార్లు పక్కన దిగింది. పట్టులో పడిన కంత పూడదు. చివరికి మీ అమ్మ చేత తీయించి ఇచ్చాను. చెయ్యి ఒళ్లో పెట్టుకుంటే మాత్రం నిమ్మళంగా ఉంటుంది. పనిలో పెట్టినప్పుడే వణుకుతోంది కాబట్టి ఇది పార్కిన్సన్ కాదు, ఎసెన్షియల్ ట్రెమర్ అనే వణుకు జబ్బు అన్నారు డాక్టరుగారు.

మీ తాతకూ ఇదే. పెళ్లి భోజనాల్లో గ్లాసు ఎత్తితే సగం నీళ్లు చొక్కా మీదే. ఊళ్లో తాగుబోతన్నారు. ఆయన చుక్క ముట్టిన మనిషి కాదు. దీనికో పేరుందని తెలియకుండానే పోయాడు. వంశంలో నడిచే రకమైతే బిడ్డకు వచ్చే అవకాశం సగానికి సగమట. ఈ మాట నీకు రాయాలంటే మనసు రాలేదు. కానీ చదువుకున్నదానివి, నీకు తెలియకపోదు. నేను చేరేది సగం అందుకే.

"నరాల్లోకి కరెంటా?" అని మీ అమ్మకు ఒకటే టెన్షన్. మణికట్టు దగ్గర మీడియన్, రేడియల్ అని రెండు నరాలున్నాయనీ, పట్టీ చర్మం పైనుంచే వాటికి చిన్న కరెంటు ఇస్తుందనీ చెప్పాను. అది నరం వెంట మెదడు లోపల థాలమస్ అనే భాగం దాకా పోయి, వణుకు పుట్టించే లయను చెదరగొడుతుందని పెద్ద డాక్టర్ల ఆలోచన. కోత లేదు. ఫ్రాన్స్‌లో 1987లో బెనాబిడ్ అనే డాక్టరు మొదలుపెట్టిన పద్ధతిలో అయితే పుర్రెకు రంధ్రం చేసి మెదడులోకి తీగ దించాలి. అది విన్నాక మీ అమ్మ పట్టీకి ఒప్పుకుంది. గుండెలో పేస్‌మేకర్, మూర్ఛ ఉన్నవాళ్లను చేర్చుకోరని రాశారు. నాకు ఆ రెండూ లేవు.

అమెరికాలో 2018లోనే ఇలాంటి పట్టీకి అనుమతి వచ్చిందన్నావు. మీది వేరే పట్టీ, ఇంకా ప్రయోగంలోనే ఉంది. పనిచేసినా తీసేశాక కొంతసేపే ఉపశమనం, జబ్బు పోదు. ఇవన్నీ కాగితంలో ముందే రాయడం నాకు నచ్చింది. పోయినేడు సంతలో ఒకడు "నరాల బెల్టు" అని మూడు వేలు పట్టుకుపోయాడు. వాడి నోట "పనిచేయకపోవచ్చు" అన్న మాట ఒక్కసారీ రాలేదు.

కొందరికి కరెంటు లేని ఉత్తుత్తి పట్టీ కడతారట, ఎవరిది ఏదో ముందు చెప్పరట. నాకు అదే వచ్చినా బాధ లేదు. రెండూ పక్కపక్కన పెట్టి చూడకపోతే తేడా ఎలా తెలుస్తుంది? కొత్త కత్తిరింపు పాత కొలత పక్కన పరిచే కదా నేనూ చూసేది.

రెండే అడుగుతాను. మన దేశంలో ఇలాంటి వైద్య పరీక్షలను నమోదు చేసే సీటీఆర్ఐలో ఈ పరీక్ష నమోదైందో లేదో నువ్వే చూసి నంబరు పంపు. వణుకుకు నేను వేసుకునే ప్రొప్రనాలాల్ మాత్ర ఉన్నట్టుండి మానేయకూడదని ఇక్కడి డాక్టరుగారు గట్టిగా చెప్పారు. మీవాళ్లు మానమంటే ముందు ఈయనతో మాట్లాడించు.

వణుకు ఎంతుందో చూడ్డానికి చుట్టలు చుట్టినట్టు గీయించే గీత ఇంట్లో సాధన చేయొద్దన్నావు. నేను చేయలేదు. అది చదవకముందు గీసినవి మాత్రం రెండున్నాయి, పొద్దున మాత్రకు ముందు ఒకటి, మధ్యాహ్నం ఒకటి. తేదీ వేసి ఇందులోనే పెట్టాను. మీ సార్‌కు చూపించు.

మీ నాన్న