జనరేటర్‌ను మేడెక్కించండి

సంపాదకుల వారికి,

అంతర్వేది చుట్టుపక్కల తీరంలో ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో ఫార్మసిస్టుగా చేసి రిటైరయ్యాను. 1996 నవంబరు 6 తుపానుకి కోనసీమ కొబ్బరితోటలు ఎలా నేలకొరిగాయో కళ్లారా చూసినవాణ్ణి.

మొన్న ఆ ఆసుపత్రికి వెళ్తే కొత్త రంగులు వేశారు, చూడ్డానికి బాగుంది. జనరేటర్ మాత్రం ఇప్పటికీ వెనక వరండాలో నేలమీదే. మోకాల్లోతు నీళ్లొస్తే చాలు, మూగబోతుంది. టీకాలు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి మరి. కరెంటు రెండు మూడు రోజులు రాకపోతే వాటి గతేంటి? స్లాబు కింద చెయ్యి పెడితే పెచ్చులు రాలుతున్నాయి. ఉప్పుగాలికి లోపలి చువ్వలు తుప్పుపట్టి ఉబ్బితే జరిగేది అదే. పైన రంగు కొడితే ఆగుతుందా?

తుపాను షెల్టర్లని స్తంభాల మీద లేపి కడతారు, నీరు కిందనుంచి పోవాలని. ఆ తెలివి పక్కనే కట్టే సచివాలయానికీ ఆసుపత్రికీ ఎందుకు రాదో ఇంజనీర్లే చెప్పాలి! కొత్త భవనాల సంగతి సరే. ముందు ఈ వానాకాలం లోపు జనరేటర్, మీటరు బోర్డు, మందుల ఫ్రిజ్ మేడమీదికి చేర్చమని కలెక్టరుగారికి మనవి. పైన గది ఖాళీగానే ఉంది, పాత కుర్చీలు పడేశారు.

- ఒక రిటైర్డ్ ఫార్మసిస్టు, సఖినేటిపల్లి మండలం