ఓష్ (కిర్గిజ్‌స్తాన్) చేరాం, కంగారు పడకండి

మారతహళ్లి మిత్రులకు నమస్తే. నాలుగు రోజులు సిగ్నల్ లేక మెసేజ్ పెట్టలేదు. తజికిస్తాన్‌లోని పామీర్ హైవేలో అక్-బైతాల్ కనుమ దాటాం. 4,655 మీటర్లు, మన బెంగళూరు నంది కొండకి మూడు రెట్లు పైనే! గాలి పలచబడి మా 1,000 సీసీ కారు ఫస్ట్ గేర్‌లోనూ మొరాయించింది. మేం వెళ్తున్న మంగోల్ ర్యాలీలో (సేవకి చందాలు పోగుచేస్తూ యూరప్ నుంచి ఆసియా మీదుగా చిన్న బండ్లలో చేసే యాత్ర) అంతకన్నా పెద్ద ఇంజిన్ ఒప్పుకోరు, వెనక సాయానికి ఏ బండీ రాదు. దిగి తోశాం, పది అడుగులకోసారి ఆగి రొప్పుతూ.

అంతకుముందు ముర్గాబ్ ఊళ్లో పెట్రోలు బకెట్‌తో తెచ్చి, గరాటుకి గుడ్డ కట్టి పోశారు. గుడ్డలో మిగిలిన ఇసుక చూసి నా గుండె జారింది.

తిండి రొట్టె, కందిపొడి. పొడి డబ్బా అడుగంటింది, అసలు టెన్షన్ అదే.

అన్నట్టు, సేవా సంస్థకిచ్చే చందా లింకు పైన పిన్ చేశాను. అందులో ఒక్క రూపాయి కూడా మా పెట్రోలుకి వాడం.