చిత్తూరు జిల్లా వైద్య, ఆరోగ్య శాఖాధికారి గారికి బహిరంగ లేఖ: మా పిల్లల ఎముకలనూ చూడండి

అయ్యా, నమస్కారం.

నెఫ్రోటిక్ సిండ్రోమ్ అనే కిడ్నీ జబ్బుతో మా అబ్బాయి చాలాకాలంగా స్టెరాయిడ్లు వాడుతున్నాడు. ఆ మందే వాడిని నిలబెట్టింది, కాదనను. కానీ దీర్ఘకాలం వాడితే స్టెరాయిడ్లు కొత్త ఎముక తయారీని తగ్గిస్తాయి, పేగుల్లో కాల్షియం ఒంటబట్టడాన్నీ తగ్గిస్తాయి. 100 గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. రోజూ సంగటి పెడుతున్నా నాకు టెన్షన్ తీరదు. తలసేమియా అనే రక్తజబ్బు, కీళ్లవాతం ఉన్న పిల్లల ఎముకలూ బలహీనపడొచ్చు, వాళ్ల తల్లులదీ ఇదే భయం.

ఎముక సాంద్రతకు, అంటే ఎముక ఎంత దట్టంగా ఉందో చూడడానికి, ప్రామాణిక పరీక్ష డెక్సా స్కాన్ అనే ఒక రకం ఎక్స్‌రే. దాని యంత్రం పెద్దది, ఊరూరా తిప్పలేం. మడమ, ముంజేయి లేదా వేలి దగ్గర అల్ట్రాసౌండ్ పెట్టి, ఎముకలో ధ్వని ఎంత వేగంగా సాగుతుందో కొలిచే చిన్న యంత్రాలు ఉన్నాయి. రేడియేషన్ లేదు, నొప్పి లేదు. కుప్పం, పలమనేరు పల్లెలకూ తీసుకెళ్లొచ్చు.

అయితే ఈ ఒక్క అల్ట్రాసౌండ్ పరీక్షతో ఎముకల జబ్బును నిర్ధారించకూడదు. యంత్రం మారితే అంకె మారుతుంది. పిల్లల వయసు, ఎత్తు, ఎదుగుదల చూసి ఫలితాన్ని అర్థం చేసుకోవాలి. అనుమానం ఉన్నవాళ్లను డెక్సాకు పంపాలి.

పిల్లలకు ఆరోగ్య పరీక్షలు చేసే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు బడులకు ఎలాగూ వస్తున్నాయి. ముందుగా స్టెరాయిడ్లు వాడే పిల్లల జాబితా రాయించండి. వెన్నునొప్పి, విరిగిన ఎముకల గురించి అడగమనండి. ఆ పిల్లల కోసం జిల్లా ఆసుపత్రికి ఒక్క చిన్న అల్ట్రాసౌండ్ యంత్రమైనా ఇప్పించండి.

ఇట్లు,
పలమనేరు నుంచి ఒక తల్లి