ముందు యార్డును అడగండి

సంపాదకుడికి నమస్కారం.

గుంటూరు మిర్చి యార్డులో పాతికేళ్లుగా గుమస్తాగా లెక్కలు రాస్తున్నాను. మొన్న ఒక రైతు మీ పత్రిక నా ముందు పరిచి, "శీతల గిడ్డంగుల్లో నిల్వలు అంటే మన ఏసీ కాయలేనా, గుమస్తా గారూ?" అని అడిగారు. అవునన్నాను. అప్పుడుగానీ ఆయన మిగతా వార్త చదవలేదు.

గిడ్డంగి మంచి మాటే. ఇంగ్లిషువాళ్ల 'గోడౌన్' మూలాన్ని వెతుకుతూ నిఘంటుకారులు మలయ్ భాష మీదుగా మన గిడ్డంగి దాకా వచ్చారు. కానీ యార్డులో చల్లని గోదామును ఏసీ అంటారు. అందులో దాచి తీసినవి ఏసీ కాయలు. ఏ పండితుడూ కూర్చుని ఈ మాట చేయలేదు. హమాలీలు, కమీషన్ వ్యాపారులు, లారీ డ్రైవర్లు వాడగా వాడగా నిలిచింది. గదిని చల్లబరిచే యంత్రం పేరు ఇక్కడికొచ్చి గోదాము పేరైంది, ఆపైన కాయల రకమైంది. పరాయి మాట తెలుగైపోవడమంటే నాకు తెలిసి ఇదే.

పాత మాటకూ కొత్త పని దొరుకుతుంది. రేషన్ దుకాణంలో యంత్రం పెట్టగానే జనం 'వేలిముద్ర పడలేదు' అనడం మొదలుపెట్టారు. ఒక కార్యాలయం గోడ మీద మాత్రం 'బయోమెట్రిక్ ప్రమాణీకరణ విఫలమైన లబ్ధిదారులు' అని రాశారు. సరిగ్గా ఆ బోర్డు కిందే నిలబడి ఒక పెద్దావిడ, "వేలిముద్ర పడనివాళ్లు ఎక్కడ నిలబడాలి నాయనా?" అని నన్నడిగింది. నాకు కడుపు రగిలిపోయింది.

సర్కారు మాటలు నిలవవని కాదు. 1985లో తాలూకాలు పోయి వచ్చిన 'మండలం' పైనుంచి దిగిందే. నోటికి తేలిక, అది లేకుండా ఏ కాగితమూ కదలదు. అందుకే ఇంటింటి మాటైంది.

భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారు రైతుల నోటి మాటలు ఏర్చి కూర్చిన వ్యవసాయ వృత్తిపదకోశం 1962లో వచ్చింది. ఆ తర్వాత ఈ యార్డులో, విజయవాడ ఆటోనగర్ షెడ్లలో ఎన్ని మాటలు పుట్టి ఉంటాయి! వాటికి వారానికి అర కాలమ్ కేటాయించండి. కొత్త వస్తువుకు పేరు పెట్టేముందు దాన్ని రోజూ పట్టుకునేవాళ్లు ఏమంటున్నారో మీ విలేకరులను కనుక్కోమనండి. మా యార్డు మాటలు నేను రాసి పంపుతాను.

ఇట్లు,
ఒక గుమస్తా, గుంటూరు