అద్దాలుంటే వెలుతురు ఉన్నట్టేనా?

సంపాదకులకు,

కొత్త కార్యాలయ భవనం గురించి పోయిన వారం మీరు వేసిన వార్త చదివాను. 'నలువైపులా అద్దాలు, రోజంతా సహజ వెలుతురు, కరెంటు ఆదా' అని పెద్ద అక్షరాల్లో వేశారు. ఆ రోజే రాద్దామనుకుని, కోపం మీద రాస్తే బాగుండదని ఆగాను. ఇన్నాళ్లు ఆగినా తగ్గలేదు కాబట్టి రాస్తున్నాను.

పని మీద అక్కడికి వెళ్లినవాళ్లందరికీ తెలిసిందే ఇది. మధ్యాహ్నం దాటితే పడమటి గోడ పక్క సీట్లలో వాళ్లకు కంప్యూటర్ తెర కనబడదు, బ్లైండ్స్ దించేస్తారు. బ్లైండ్ పాడైన చోట పాత ఫైలు అట్టలు, వాటి మధ్య సందుల్లో మీ పత్రికే, సెల్లోటేపుతో అద్దానికి అతికించి ఉన్నాయి. హాలు మధ్యలో కూర్చునేవాళ్లకు ఆఫీసు తెరిచిన దగ్గర్నుంచి ట్యూబ్‌లైట్లే గతి. పోనీ కిటికీ పక్క వరుస వరకైనా లైట్లు ఆర్పుదామంటే, హాలు మొత్తానికి ఒకటే స్విచ్. వెలిగితే అన్నీ వెలగాలి, ఆరితే అన్నీ ఆరాలి. కరెంటు ఆదా ఎక్కడ జరిగిందో ఆ వార్త రాసినవారే చెప్పాలి.

'డేలైట్ ఫ్యాక్టర్ సగటున 2 శాతం దాటింది' అని వార్తలో ఘనంగా చెప్పారు. దాని అర్థం ఏమిటో ఎవరూ అడగలేదు. మబ్బు పట్టిన ఆకాశం కింద ఆరుబయట 10,000 లక్స్ (లక్స్ అంటే వెలుతురును కొలిచే ప్రమాణం) ఉంటే, లోపల బల్ల మీద 200 లక్స్ పడితే అది 2 శాతం. ఆ లెక్కలో సూర్యుడు ఉండడు, ఆకాశమంతా ఒకేలా మబ్బు కమ్మి ఉందనే అనుకుంటారు. కాబట్టి కిటికీ తూర్పుకున్నా, పడమరకున్నా, ఉత్తరానికున్నా జవాబు మారదు. మండుటెండల ఊరైనా, మంచు కురిసే ఊరైనా అదే అంకె. సూర్యుడే లేని లెక్క చూపించి, ఎండ విరగకాసే భవనానికి సర్టిఫికెట్ ఇచ్చేశారన్నమాట!

ఇక ఆ 'సగటు' సంగతి. కిటికీ పక్కన 8 శాతం, లోపలి సీట్ల దగ్గర అర శాతం కూడా లేకపోయినా, సగటు తీస్తే 2 దాటిపోతుంది. కాగితం మీద అందరికీ వెలుతురే. పక్కకున్న కిటికీ నుంచి వచ్చే వెలుతురు, నేల నుంచి కిటికీ పైఅంచు దాకా ఎంత ఎత్తో దానికి రెండు, మహా అయితే రెండున్నర రెట్ల దూరం వరకే పనికొస్తుందని డ్రాయింగ్ బోర్డు ముందు కూర్చున్నవాళ్లందరికీ తెలుసు. వెలుతురును గది లోతుకు పంపేది కిటికీ పైభాగమే. ఏసీ గొట్టాలు కనబడకూడదని ఫాల్స్ సీలింగ్ కిందికి దించి, సరిగ్గా ఆ పైభాగాన్నే మూసేశారు. వేడి తగ్గాలని ముదురు రంగు అద్దం పెట్టారు. మామూలు తెల్లద్దం 90 శాతం దాకా వెలుతురును లోపలికి వదిలితే, ఇలాంటి ముదురు అద్దాల్లో కొన్ని అందులో నాలుగో వంతు కూడా వదలవు. ఆపైన గోడలకు కాఫీపొడి రంగు చెక్క పలకలు. లోపలికొచ్చిన కాస్త వెలుతురునూ అవి మింగేస్తున్నాయి. ప్లాన్ లెక్క కట్టినప్పుడు మాత్రం గోడలు తెల్లగానే ఉండి ఉంటాయి లెండి.

ఇంతకంటే మంచి పద్ధతులు లేవా అంటే, ఎప్పుడో వచ్చాయి. 2005లోనే నబిల్, మర్డాల్జెవిచ్ అనే పరిశోధకులు, బల్ల మీద 100 నుంచి 2,000 లక్స్ మధ్య ఉన్నదే పనికొచ్చే వెలుతురని, అంతకు మించినదాన్ని కూడా లోపంగానే చూడాలని లెక్క చెప్పారు. 2012లో అమెరికా ఇల్యూమినేటింగ్ ఇంజినీరింగ్ సొసైటీ ఏడాది పొడవునా, ఆ ఊరి వాతావరణంతో, గంట గంటకూ లెక్కకట్టే పద్ధతి ఇచ్చింది. పనిగంటల్లో కనీసం సగం సేపు 300 లక్స్ ఎంత నేలకు అందుతోందో చూడాలి. దానితోపాటు, 1,000 లక్స్ దాటిన నేరుటెండ ఏడాదికి 250 గంటల కంటే ఎక్కువ ఎంత నేల మీద పడుతోందో కూడా చూడాలి. ఈ రెండో ప్రశ్న అడిగి ఉంటే ఆ పడమటి గోడ అక్కడే ఆగిపోయేది. 2018 నాటి యూరోపియన్ ప్రమాణం వెలుతురుతోపాటు కళ్లు జిగేలుమనే బాధనూ, కిటికీలోంచి బయటకు ఏం కనబడుతుందన్నదాన్నీ చూడమంటుంది. మనవాళ్లకు అద్దం చదరపు మీటర్లే కొలమానం.

అయినా ఒక్క వెలుతురునే తప్పుపట్టి ఏం లాభం? ర్యాంపు కాగితం మీద ఉంటుంది, దాని మీద బైకులుంటాయి. అత్యవసర ద్వారం కాగితం మీద ఉంటుంది, దానికి తాళం ఉంటుంది. ప్రారంభోత్సవం అయ్యాక భవనం ఎలా పనిచేస్తోందో చూడ్డానికి తిరిగొచ్చే అధికారి ఎవరైనా ఉన్నారా? ఆ 2 శాతం లెక్క ఉన్న వెలుతురు రిపోర్టు కాపీ నేను అడిగితే 'అది టెక్నికల్ విషయమండీ, మీకర్థం కాదు' అన్నారు. లక్స్ మీటరు పెద్ద ఖరీదైన యంత్రమేమీ కాదు. మబ్బు రోజున ఒకటి బయట ఆరుబయట, ఇంకొకటి లోపల బల్ల ఎత్తున పెట్టి, ఒకే సమయంలో చదవాలి. కిటికీ నుంచి లోపలికి వరసగా ప్రతి బల్ల దగ్గరా అంకె రాసుకుంటే ఒక పూటలో అయిపోయే పని. సగటు కాకుండా బల్లవారీగా ఆ అంకెలు గోడకు అంటించమనండి.

మీ విలేకరిని కూడా మళ్లీ ఒకసారి పంపండి. ఈసారి ప్రెస్ నోట్ పట్టుకుని కాకుండా, ఎండ కాసే మామూలు పనిరోజున, మధ్యాహ్నం మూడింటికి వెళ్లమనండి. ముందు పడమటి వైపు సీట్లో కాసేపు కూర్చుని, ఆ తర్వాత ట్యూబ్‌లైట్లు ఆపించి, హాలు మధ్యలో మీ పత్రిక చదవమనండి.

– ఒక పాఠకుడు